ఓడపట్టికలలోని పేళ్లు: వంశవృత్తాంత విమర్శనము

తన పూర్వు లెవ్వరో తెలిసికొనఁగోరుట మనుష్యునకు సహజము. ఆ కోరిక ఫలించుటకుఁ గావలసిన సాధనము లేవి, వానిని విశ్వసింపఁదగిన మేర యెంత, యను విషయము మాత్రము మన పండితులచేఁ దగినంతగా విమర్శింపఁబడలేదు. కావ్యావతారికలలోని కృతిపతి వంశవర్ణనములు, శాసనములలోని రాజవంశావళులు, కైఫీయతులలోని పాలెగాండ్ర వృత్తాంతములు పలుమాఱులు చర్చకు వచ్చినవి. సముద్రములు దాఁటిపోయిన కూలివాండ్ర పేళ్లు వ్రాసిన ఓడపట్టికలను గ్రంథములుగా నెంచి పరిశీలించినవారు తక్కువ. ఆ పట్టికలును పాఠములే యనియు, తాళపత్రగ్రంథమునకు వర్తించు పాఠపరిష్కార నియమములే వానికిని వర్తించుననియు, వ్యాకరణ మెఱిఁగినవానికి వానియందుఁ బని యున్నదనియుఁ జూపుట యీ వ్యాసమున కుద్దేశము.

సందర్భము

గడచిన యేఁట దక్షిణాఫ్రికానుండి యొక గృహస్థుఁడు మా యోర్వకల్లునకు వచ్చెను. వారి పూర్వుఁడు, అనఁగా ముత్తాత తండ్రి, చెన్నపట్టణపు రేవునుండి నేటాలు దేశమునకుఁ జెఱకుతోఁటల కూలిగాఁ బోయినవాఁడు. వచ్చినాయనకుఁ దెలుఁగు కొన్ని మాటలు మాత్రము వచ్చును. ఆయన చేతనున్న కాగితమున పూర్వుని పేరును, గ్రామము పేరును మాత్రము ఆంగ్లలిపిలో నుండెను. గ్రామము పేరు ‘ఓరకల్’ అని చదువుటకు వీలుగా నున్నది. వా రంతర్జాలమున వెదకి, అది యోరుగల్లే యని యెప్పుడో నిశ్చయించుకొనిరి. ఓరుగల్లనఁగా కాకతీయుల రాజధాని. వారి యింట గోడకుఁ గాకతీయతోరణపుఁ జిత్రపట మొకటి వ్రేలాడుచున్నదని చెప్పిరి. మొదట వరంగల్లునకుఁ బోయి, అచ్చట నేమియుఁ దెలియక, ఎవ్వరో ‘కర్నూలుదగ్గఱ నోర్వకల్లని యున్నది, అదియుఁ జూడుఁడు’ అనఁగా నిటు వచ్చిరి.

మా యూరివారి సంతోషమునకు మేర లేదు. ఊరిపెద్ద యొకఁ డాయన చేయి పట్టుకొని ‘మా ఊరోడే, రా నాయనా’ యని యింటికిఁ దీసికొనిపోయెను. నేనును ఆ కాగితము చూచినతోడనే ‘ఇది ఓర్వకల్లే’ యని పలికితిని. ఇది నా తప్పు. వరంగల్లనుకొన్నవారు గొప్పతనమును గోరి పొరబడిరి. నేను మా యూరిమీఁది మక్కువచేఁ దొందరపడితిని. రెండును ఒకే దోషము. కోరిక ముందు నడచి, ప్రమాణము వెనుక నడచుట. ఆ రాత్రి మఱల నా కాగితమును జదువఁగా నా మాటకు నాధారము చాలదని తెలిసినది. మఱునాఁడు ఆయనతో ‘అయ్యా, ఇది పుత్రికాప్రతి, దీనికి మాతృక యెచ్చటనో యుండును, దానిలోని పంక్తి యంతయుఁ దెప్పింపుఁడు’ అంటిని.

ప్రమాణముల తారతమ్యము

మాతృక వచ్చులోపల మన దేశమున నిట్టి పనికి నుపకరించు ప్రమాణము లేవియో తలఁచుకొంటిని. నన్నయభట్టారకుఁడు భారతారంభమున రాజరాజనరేంద్రుని చాళుక్యవంశమును జంద్రునివఱకుఁ గొనిపోయెను. పెద్దన మనుచరిత్రమున శ్రీకృష్ణదేవరాయల తుళువవంశమును వర్ణించెను. ఇవి రాజుల వంశములు. మంత్రులకును, ధనికులకును గృతులు పొందుటచే వారి తాతముత్తాతల పేళ్లు నిలిచినవి. మొల్ల తన తండ్రి కేసన పేరు చెప్పుకొన్నది. ఆమె కవయిత్రి కాకున్నచో నా పేరును మనకుఁ దెలియకపోవును. కర్నలు మెకంజీ పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరములలో కావలి సోదరుల సాహాయ్యమున సేకరింపించిన కైఫీయతులు గ్రామములకును, గుళ్లకును, పాలెములకును సంబంధించినవి. 1858 తరువాత నినాముల విచారణమునఁ బుట్టిన పుస్తకములలో నినాముదారుల వారసత్వము గనఁబడును. కరణముల లెక్కలు భూమికి సంబంధించినవి. భూమి లేనివాని పేరు వీనిలో దేనియందు నుండును?

పరదేశములందు స్థితి వేఱు. మధ్యధరాసముద్రములోని మాల్టా ద్వీపమునుండి ఆస్ట్రేలియాకుఁ బోయినవారి సంతతివారు తమ పూర్వులను వెదకఁగోరినచో నాశ్రయము చర్చిపుస్తకములు. 1563 లో ట్రెంటు ధర్మసభ వివాహములను బుస్తకమునఁ దప్పక యెక్కింపవలసినదని శాసించిన పిదప, కథోలికదేశములలో బీదవాని బాప్తిస్మమును, వివాహమును సైతము గ్రంథస్థములగుచు వచ్చినవి. మనకట్టి పుస్తకములు లేవు. గయలోను, హరిద్వారమునను దీర్థపురోహితుల బహీలు గలవు గాని, అచ్చటికిఁ బోఁగలిగినవారి పేళ్లే వానిలో నుండును.

కాఁబట్టి కూలివాని విషయమున ఓడపట్టికయే యొక్కొక్కచో నేకైకప్రమాణము. ‘ట్రూరో’ యను నోడ చెన్నపట్టణమునుండి 1860 నవంబరు 16 వ తేదిని డర్బను రేవు చేరినది మొదలు 1911 వఱకు నేటాలునకుఁ బోయిన కూలీలు 1,52,184 మంది. వీరిలో నెక్కువమంది చెన్నపట్టణపు రేవున నోడ యెక్కినవారు. ఒక్కొక్కనికి నొక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, ఠాణా, గ్రామము, శరీరమందలి గుఱుతులు వరుసగా వ్రాసిరి. మారిషసునకు 1834 మొదలుకొని పోయినవారి పత్రములు అచ్చటి మహాత్మాగాంధీ సంస్థయందు భద్రముగా నున్నవి. వానితోఁ గొందఱి ఛాయాచిత్రములును గలవు. ఫిజీ ద్వీపములకు 1903 మొదలు 1916 వఱకుఁ జెన్నపట్టణమునుండి పోయినవారికిని ఇట్టి పత్రములే వ్రాయఁబడినవి. ఆ వ్రాఁత ప్రేమచేఁ బుట్టినది కాదు. పాఱిపోయిన కూలిని గుర్తుపట్టుటకును, ఒప్పందపుఁ గాలము లెక్కించుటకును వ్రాసినది. అయినను ఏ కవియుఁ బాడని తండ్రిపేరు అచ్చట నిలిచినది. వ్రాసినవాని యుద్దేశము నీచమైనంత మాత్రమున వ్రాఁత అప్రమాణము కాదు. పొగడఁదలఁచి వ్రాసినంత మాత్రమున ప్రమాణమును గాదు.

మా యూరినొద్ద 2021 లోఁ దెఱవఁబడిన విమానాశ్రయమునకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిరి. 1847 లో కోయిలకుంట్లయం దురితీయఁబడిన యా వీరుని వృత్తాంతము కుంపిణీవారి పత్రములయందును, ప్రజల పాటలయందును నిలిచినది. ఆ విమానాశ్రయముననే దిగిన యీ గృహస్థుని పూర్వుని వృత్తాంతము ఒక్క పంక్తి. ఆ యొక్క పంక్తిని సరిగాఁ జదువుట మన విధి.

వర్ణవిచారము

పట్టికలలోని పేళ్లను జదువుటలో ముఖ్యమైన చిక్కు లిపివలనఁ గలుగును. తెలుఁగువాఁడు తన పేరు నోటితోఁ జెప్పును. చెన్నపట్టణపు వ్రాయసగాఁడు దానిని వినును. అతఁడు తమిళుఁ డగుట తఱచుగా సంభవించును. అతఁడాంగ్లలిపిలో వ్రాయును. రేవున నింకొకఁడు దాని నెత్తి వ్రాయును. నేఁడు సంగణకమున నెక్కించువాఁడు పాతవ్రాఁతను దనకుఁ దోఁచినట్లు చదువును. ఇన్ని చేతులు మాఱిన పాఠమున లేఖకప్రమాదములు లేకుండుట యెట్లు?

నిరుక్తసంప్రదాయమువారు శబ్దవికృతులను వర్ణాగమము, వర్ణవిపర్యయము, వర్ణవికారము, వర్ణనాశము అని విభజించిరి. ఈ నాలుగును బట్టికలయందుఁ గననగును.

వర్ణాగమము. తెలుఁగువాని నోట పదాదినున్న ఒకార ఓకారములకు ముందు వకారమును, ఎకార ఏకారములకు ముందు యకారమును దొరలుచుండును. ఓబన్న ‘వోబన్న’ యగును; ఎల్లమ్మ ‘యెల్లమ్మ’ యగును. ఆంగ్లాక్షరక్రమమున నున్న సూచికలో ఓకారముక్రింద వెదకి ‘లేదు’ అనుకొన్నవాని పూర్వుఁడు వకారముక్రింద నుండవచ్చును. ఓర్వకల్లునకును ఇదే గతి పట్టవచ్చును.

వర్ణనాశము. గ్రామనామముల తుది ‘లు’వర్ణమును, పుంలింగనామముల తుది ‘డు’వర్ణమును ఆంగ్లమునఁ బలుమాఱు లోపించును. కర్నూలు ‘కర్నూల్’ అగుట యందఱెఱిఁగినది. ఆ కర్నూలే కందనవోలునుండి వచ్చిన వికృతి యని పెద్దలందురు.

వర్ణవికారము. విశాఖపట్టణము ‘వైజాగపటాం’ ఐనది. నరసింహులు మారిషసునందు ‘నర్సిమ్లూ’ యను వంశనామమైనది. వీనికంటె మోసకరమైనది కంటికిఁ గనఁబడని వికారము. ఆంగ్లలిపిలో హ్రస్వదీర్ఘములకు నియతమైన భేదము లేదు. తకార టకారములకు భేదము లేదు. లకార ళకారములకు భేదము లేదు. రమ్మనువాఁడు రాముఁడో, రమణుఁడో తెలియదు. తమిళలిపిలో క ఖ గ ఘ లకు నొక్కటే యక్షరము. కాఁబట్టి వ్రాయసగాఁడు తమిళాక్షరములలోఁ దలఁచి యాంగ్లాక్షరములలో వ్రాసెనేని గకారము కకారముగాను, కకారము గకారముగాను మాఱుట కవకాశమున్నది.

విపర్యయము. వర్ణములు తాఱుమాఱగుట యరుదు గాని, పదములు తాఱుమాఱగుట తఱచు. తండ్రిపేరు కొడుకునకు నింటిపేరైనది. గౌరవవాచకమైన ‘నాయుఁడు’ దక్షిణాఫ్రికాలో ‘నైడూ’ యను వంశనామమై వేలకుటుంబములకు సమానమైనది. మన యింటిపేరు పేరునకు ముందు నిలుచును. పట్టికలో దానికి గడియే లేదు. ఇదియే యన్నిటికంటెఁ బెద్దనష్టము. తెలుఁగువాని వంశసూత్రము ఇంటిపేరే గదా.

ఇఁక నీ విచారమును ‘ఓరకల్’ అను పాఠమునకు వర్తింపఁజేయుదము. ఓరుగల్లనుటలో ‘కల్లు’ శబ్దము తొలికకారము సరళమై గకారమైనది. ఏకశిలానగరమను సంస్కృతనామము దీని యర్థమునే తెలుపును. ఓర్వకల్లనుటలోఁ గకారము కకారముగనే యున్నది. రెంటను గల్లనఁగా శిలయే. మా యూరి శిలలను జూచినవారికి దీనిని వివరింప నక్కఱలేదు. పాఠమునఁ గకారమున్నది గాన ఓర్వకల్లే యనుట మొదట నాకుఁ దోఁచిన యుక్తి. కాని పైనఁ జెప్పినట్లు కగలభేదము తమిళవ్రాయసగాని చేత నమ్మఁదగినది కాదు. రేఫముక్రింది వకారము వేగోచ్చారణమున వినఁబడక పోవచ్చును. లేదా మొదలే లేకపోవచ్చును. ఒక్క యక్షరముమీఁద నిల్లు కట్టరాదు. కేవలవర్ణసామ్యముచే నిర్ణయము చేయువాఁడు వ్యాకరణమును శకునశాస్త్రముగా మార్చినవాఁ డగును.

దేశకాలవిచారము

రెండుమాసములకు మాతృకలోని పంక్తి వచ్చినది. దానియందు జిల్లా కర్నూలని స్పష్టముగా నున్నది. ఠాణాగడి ఖాళీ. 1870-80 ల నడుమ నోరుగల్లు నిజాముల యేలుబడిలోనిది. కర్నూలు జిల్లా చెన్నరాజధానిలోనిది. కాఁబట్టి యోరుగల్లు పక్షము నిరస్తమైనది. కకారగకారముల చర్చ తీర్పలేని సంశయమును జిల్లాపేరు తీర్చినది.

అయితే జిల్లాపేళ్లను జదువుటయందును జాగరూకత వలయును. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను 1839 లోఁ బదచ్యుతుఁడైన పిదప, 1858 లో కడపనుండి కంభము, మార్కాపురము, కోయిలకుంట్ల తాలూకాలు చేర్పఁబడఁగాఁ గర్నూలు జిల్లా యేర్పడినది. అంతకుముందు వ్రాసిన పత్రమునఁ గోయిలకుంట్లవాఁడు ‘కడప’వాఁడు, తరువాత వ్రాసిన పత్రమునఁ ‘గర్నూలు’వాఁడు. మదనపల్లెవాఁడు 1911 లో చిత్తూరు జిల్లా యేర్పడువఱకుఁ గడపవాఁడే. అనంతపురమువాఁడు 1882 వఱకు బళ్లారివాఁడు. మార్కాపుర ప్రాంతము 1970 లో ఒంగోలు జిల్లాలోఁ జేరినది. 2022 లో నంద్యాల వేఱుజిల్లా యైనది. నేఁటి పటము ముందిడుకొని నాఁటి పట్టికను జదువువారు పొరుగూరిలో వెదకవలసినదానిని మూఁడుజిల్లాలకావల వెదకుచుందురు.

కాలవిషయమున వారి యింటిలోని యొకమాట మిక్కిలి యుపకరించినది. వారి ముదుసలులు ‘తాత కఱవులో వచ్చినాము’ అనుచుండిరఁట. తాతలనాఁటి కఱవని వా రర్థము చెప్పుకొనిరి. అది తాత కాదు, ధాత. మహాప్రాణము జాఱి, సరళము పరుషమై, ధాతృనామసంవత్సరము తాతయైనది. ధాత 1816 లోను, 1876 లోను, 1936 లోను వచ్చును. షష్టిసంవత్సరచక్రమున నీ సంశయ మెప్పుడు నుండును. ఓడ చేరిన కాలము 1870 వ దశకపుఁ దుదిభాగము గాన, ఇది 1876 లో మొదలైన ధాతకఱవే. ఆ కఱవున మిక్కిలి నలిగిన మండలములలోఁ గర్నూలొకటి. 1871 జనగణనకును, 1881 జనగణనకును నడుమ నీ మండలపు జనసంఖ్య నాలుగింట నొకవంతునకు సమీపముగాఁ దగ్గినది. చచ్చినవారు, పోయినవారు ఎవరెవరో యేర్పఱచి చెప్పుటకు మనయొద్ద పట్టికలు లేవు. పోయినవారిలోఁ గొందఱికి మాత్రము పరదేశమునఁ బట్టికలున్నవి.

దేవతానామములును దేశనిర్ణయమునకు సాయపడును. ఆ పంక్తిలోఁ దండ్రిపేరు ఓబశబ్దముతోఁ గూడి, ముందు వకారాగమముతో వ్రాయఁబడియున్నది. ఓబన్న, ఓబులేశు అనునవి అహోబలస్వామి పేళ్లు. ఆద్యకారమును, హకారమును లోపించి పుట్టినవి. మా ప్రాంతమున మద్దిలేటి స్వామిపేర మద్దిలేటి, ఉరుకుంద వీరన్న పేర నీరన్న యనుపేళ్లును ఇట్లే దేశసూచకములు. సింహాచలపు టప్పన్న పేర నేర్పడిన అప్పలస్వామి యనుపేరు గలవానిని మా ప్రాంతమున వెదకుట వ్యర్థము. వానిని విశాఖ ప్రాంతమున వెదకవలయును. కాని యహోబలనామము కడప యనంతపుర మండలములందును విరివిగాఁ గలదు. అది మండలమును బలపఱచును, గ్రామమును దెలుపదు.

సిద్ధాంతము

ఇంతవఱకుఁ జేసిన విచారమునఁ దేలిన ఫలము మూఁడు తెఱఁగులు. కర్నూలు మండలము నిశ్చితము. ఓర్వకల్లు సంభావ్యము, ఈ మండలమున నిట్టి ధ్వనిగల వేఱొక చిన్నగ్రామము నాఁ డుండియుండరాదని చెప్పఁగల ప్రమాణము నాయొద్ద లేదు. ఇల్లు అజ్ఞాతము, ఇంటిపేరు లేని పాఠమునుండి యింటిని గల్పించుట పరిశోధనము కాదు, అవతారికారచనము. ఈ మాటలు నే నాయనకు జాబుగా వ్రాసితిని. ‘మీ రోర్వకల్లువారే’ యని వ్రాయుట యెంతో సులభము. ఆయనకును, మా యూరివారికిని సంతోషకరము. అయినఁ బొరపాటున నొకయింటికి బంధువైనవాఁడు తనయింటి వారికి శాశ్వతముగాఁ గానివాఁడగును. తప్పు వంశావళి మంచి వంశావళికి దారి మూయును.

ఆయన ప్రత్యుత్తరమున నొకప్రశ్న యడిగెను. ఇల్లు తెలియనిచోఁ దర్పణ మే గోత్రముతోఁ జేయవలయును? గోత్రము తెలియనివారికిఁ గాశ్యపగోత్రము చెప్పుట శిష్టాచారము. పేరును బంధువులును దెలియని మృతులకును దర్పణవిధిలో నొక దోసెఁడు నీళ్లు గలవు, అని వ్రాసితిని. వ్రాయుచుండఁగా నాకు సిగ్గు కలిగినది. మూఁడుతరముల పేళ్లు నేను బ్రతిసంవత్సరము తర్పణమునఁ జెప్పుదును. ప్రపితామహుని తండ్రి పేరు నాకుఁ దెలియదు. ఆయనకో, తనతో నాఱవతరమువాని పేరు తెలియును. అంతేకాక ముత్తాత తండ్రి యెడమకనుబొమ్మపై గాయపు మచ్చ యుండెనని కూడఁ దెలియును. శాస్త్రము చదివిన మా యింటఁ బోయిన పేరు, అక్షరమురాని యా కూలివానియింట నిలిచినది.

కాఁబట్టి పాఠశాలలలోని పండితులకు నాదొక ప్రార్థన. ఒక్కొక్కరు తమ తాలూకాలోని గ్రామములు, విడువఁబడిన పల్లెలు, గుంపులు, వాని పేళ్లు వ్రాఁతలోను, నోటిలోను నెట్లుండునో యెత్తి వ్రాయవలయును. వానితో నచ్చటి యింటిపేళ్లును, గ్రామదేవతలనుబట్టి పెట్టుపేళ్లును జేర్పవలయును. నోటిమాట నున్నది యున్నట్లు వ్రాయుఁడు, దిద్దవలదు. ‘వోబన్న’ యని విన్నచో నట్లే వ్రాయుఁడు. వ్యాకరణజ్ఞుఁ డపశబ్దమును జూచి కనుబొమలు ముడుచుట వాడుక. ఇచ్చట నపశబ్దమే దారిచూపునది. ఇట్టి పట్టికలు మండలమున కొకటి యేర్పడినచో, నేటాలునుండి గాని, మారిషసునుండి గాని, ఫిజీనుండి గాని ఒక్క పంక్తిని జేతఁ బట్టుకొని వచ్చువానికి మనము కోరికతోఁ గాక ప్రమాణముతో బదులు చెప్పఁగలము. ‘ఓరకల్’ అను పాఠమునకు నాకంటె మేలైన పరిష్కారము చూపఁగలవారున్నచో నెంతయు సంతసింతును.